ఫోటోతో పాటు దాని మెటాడేటాను కూడా పదిమందిలో పెట్టవచ్చా?

స్వర్ణాల గట్టు (చర్చ ప్రారంభించినవారు):

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో ఫోటోలు తీసే మిత్రులందరి అభిప్రాయం కోరుతూ ఈ ప్రశ్నను ముందు పెడుతున్నాను. మనం తీసే ప్రతి డిజిటల్ ఫోటో ఫైలులోనూ బొమ్మతో పాటు కొంత సమాచారం దాగి ఉంటుంది; దీన్నే మెటాడేటా అంటారు. ఏ కెమెరా, ఏ లెన్స్, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎంత, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఎంత, ఏ తేదీన ఏ సమయానికి తీశారు అన్న వివరాలు అందులో నమోదవుతాయి. ఫోన్‌తో తీసినదైతే అక్షాంశ రేఖాంశాలు, కెమెరాతో తీసినదైతే చాలాసార్లు దాని సీరియల్ నంబరు, మనం ముందుగా కెమెరాలో నమోదు చేసి ఉంటే మన పేరు కూడా ఉంటాయి. ఫోటోను ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఈ సమాచారాన్ని ఉన్నదున్నట్లు వదలాలా, పూర్తిగా తుడిచివేయాలా, లేక ఏరి కొంత మాత్రమే ఉంచాలా?

నా మొగ్గు ఉంచడం వైపే. మనలో చాలామంది ఈ విద్యను ఏ కళాశాలలోనూ చదువుకోలేదు; ఎవరో ఒక పెద్దాయన స్టూడియోలో లైట్లు మోస్తూనో, ఇతరుల ఫోటోల కింద కనిపించే అంకెలను చూసి ఇంటికి వెళ్ళి ప్రయత్నిస్తూనో నేర్చుకున్నాము. ఆ అంకెలను మనం దాచుకుంటే మన తరవాత వచ్చేవారికి ఆ దారి మూసినట్లవుతుంది. అయితే ఇటీవల ఒకరిద్దరు మిత్రులు నాతో గట్టిగా విభేదించారు కనుక, వారి కారణాలను ఇక్కడే వివరించమని కోరుతున్నాను.

ట్రంకురోడ్డు స్టూడియో:

గట్టు గారూ, ఆ విభేదించినవారిలో నేనూ ఒకణ్ణి. వ్యాపార రహస్యం బయటపడుతుందన్న భయంతో అంటున్న మాట కాదిది, ఎందుకంటే ఆ అంకెలలో రహస్యమంటూ ఏమీ లేదు. అసలు నా అభ్యంతరమే అది. కల్యాణ మండపంలో జీలకర్రబెల్లం సమయంలో నేను తీసిన ఫోటోలో షట్టర్ 1/100 సెకను అని కనిపిస్తుంది. చూసినవారు 1/100 మంచి వేగమని రాసుకుంటారు. నేను ఆ వేగం పెట్టడానికి కారణం మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం. ఆ కరెంటుతో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి కాబట్టి, ఆ లెక్కకు సరిపోని వేగం పెడితే ఫోటోలో అడ్డంగా నల్లని చారలు పడే ప్రమాదం ఉంటుంది. అదే వేదికకు వెనుక ఎల్ఈడీ తెర పెట్టారంటే ఈ లెక్క కూడా పనికిరాదు, అక్కడికక్కడ వేగం మార్చి చూసుకోవలసిందే. ఈ కారణమేదీ ఎక్సిఫ్‌లో, అంటే కెమెరా ఫైలులో రాసే వివరాలలో, ఉండదు.

ఇంకొక సంగతి చెబుతాను. పెళ్ళి ఫోటోలలో చాలావరకు వెలుగు దూరంగా స్టాండు మీద పెట్టిన ఫ్లాష్‌ల నుంచి వస్తుంది. ఆ ఫ్లాష్ ఎంత శక్తితో వెలిగింది, ఏ కోణంలో ఉంది, దానికి గొడుగు తగిలించామా, సాఫ్ట్‌బాక్స్ తగిలించామా అన్నవి ఫైలులో ఎక్కడా దొరకవు. అసలు పనిని వదిలేసి అంకెలను మాత్రమే పంచిపెట్టి, విద్య పంచామని అనుకోవడం నాకు సమ్మతం కాదు. నేర్చుకోదలచిన పిల్లలు వచ్చి మండపంలో నా పక్కన నిలబడవచ్చు. అభ్యంతరం లేదు, భోజనం కూడా దొరుకుతుంది.

కోవూరు కుర్రాడు:

అన్నా, పెళ్ళి ఫోటోల విషయంలో మీరు చెప్పింది నిజమే. కానీ అంకెల వల్లనే నాకు అర్థమైన ఒక విషయం చెప్పనివ్వండి. 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ–సీ60 రాకెట్ వెళ్ళినప్పుడు చాలామంది పులికాట్ ఒడ్డు నుంచి ఆకాశంలో దాని వెలుగుదారిని ఫోటో తీశారు. అలాంటి ఫోటోలు నాలుగైదు చూసి, వాటి ఎక్సిఫ్‌ను పక్కపక్కన పెట్టుకుని పోల్చాను. షట్టర్ సమయం ఒకరిది రెండు నిమిషాలకు తక్కువ, ఇంకొకరిది మూడు నిమిషాల పైన. అయినా రాకెట్ గీత కాంతి అందరి ఫోటోలలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది, ఎందుకంటే అందరిదీ ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/11 చుట్టుపక్కలే.

అప్పుడు తెలిసింది. రాకెట్ ఒకచోట నిలబడదు కాబట్టి సెన్సరు మీద ఒక్కొక్క బిందువు దాని వెలుగును క్షణకాలమే చూస్తుంది. గీత ఎంత ప్రకాశవంతంగా పడుతుందన్నది ఎపర్చర్, ఐఎస్ఓల చేతిలో ఉంటుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచామన్నది గీత పొడవును, వెనుక ఉన్న ఆకాశపు వెలుగును మాత్రమే నిర్ణయిస్తుంది. ఒకే ఫోటో అంకెలు చూసి ఉంటే నాకు ఇది తట్టేది కాదు. పదిమంది మెటాడేటా ఉంచారు కాబట్టే పోల్చడానికి వీలైంది. అన్న చెప్పిన కారణాలు ఫైలులో ఉండవన్నది ఒప్పుకుంటాను, కానీ చాలా ఫైళ్ళను కలిపి చూస్తే కొన్ని కారణాలు వాటంతట అవే బయటపడతాయి.

ట్రంకురోడ్డు స్టూడియో:

బాగా చెప్పావు తమ్ముడూ. రాకెట్ విషయంలో నీదే న్యాయం. అక్కడ వెలుగు మన చేతిలో లేదు కాబట్టి కెమెరా అంకెలే మొత్తం కథ చెబుతాయి.

గూడబాతు:

ఇంతవరకు చర్చంతా ఎపర్చర్, షట్టర్ల మీదనే నడిచింది. వాటిని చెప్పడం వల్ల ఏ ప్రాణికీ హాని లేదు. పక్షులను, అడవి జంతువులను తీసే మా వంటివారికి అసలు చిక్కు ఎక్కడ తీశామన్న సమాచారంతోనే వస్తుంది.

నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కడతాయని అందరికీ తెలుసు. అది రక్షిత కేంద్రం, చూడడానికి గోపురాలున్నాయి, కాపలా ఉంది. అక్కడి ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు ఉన్నంత మాత్రాన కొత్తగా బయటపడే రహస్యమేదీ లేదు. కానీ వెలిగొండ అడవి అంచున ఒక దేవాంగ పిల్లి కనిపించిందనుకోండి. దాన్ని క్షుద్రపూజల కోసం, నాటు మందుల కోసం పట్టేవారు నేటికీ ఉన్నారు. నక్షత్ర తాబేలు ఇంకా సులభంగా దొరికిపోతుంది, ఎందుకంటే అది పరుగెత్తలేదు; పెంపుడు జంతువుగా విదేశాలకు దొంగచాటుగా తరలించడం ఎంత పెరిగిందంటే 2019లో వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం దాన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చింది. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఉండే జీపీఎస్, ఆకాశం తెరిపిగా ఉన్నచోట, కొద్ది మీటర్ల తేడాతో ఆ పొదను చూపించగలదు.

కలివికోడి సంగతి మన ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. 1848లో శాస్త్రానికి పరిచయమై, 1900 తరవాత కనిపించక, అంతరించిందని అందరూ అనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. పెన్నా పరీవాహక ప్రాంతపు చిట్టడవులే దాని ఇల్లు. రేపు మనలో ఎవరికైనా అది కనిపిస్తే, ఫోటో కంటే ముందు ఆ ఫైలులోని చోటును గురించి ఆలోచించాలి. వేటగాళ్ళను పక్కన పెట్టినా, మన వంటివారి వల్ల జరిగే నష్టం తక్కువ కాదు. గూడు చోటు తెలియగానే వారాంతానికి కెమెరాల గుంపు చేరుతుంది, అడ్డు వచ్చిన కొమ్మలను విరుస్తారు, తల్లి పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి. గూళ్ళ ఫోటోల విషయంలో నేను చోటుతో పాటు తేదీని కూడా కొంతకాలం బయటపెట్టను. పిల్లలు ఎగిరిపోయాకనే ఫోటో పెడతాను.

వెలిగొండ:

గూడబాతు గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ ఒక్కొక్కసారి ఈ దాచుకోవడం మితిమీరుతున్నదని నా భావన. ఎర్రచందనం నరికేవారు మన ఫోటోలు చూసి అడవికి దారి వెతుక్కోరు. ఏ చెట్టు ఏ వాలులో ఉందో వారికి మనకంటే బాగా తెలుసు. చోటు తెలియని ఫోటో అందంగా ఉండవచ్చు గాని, శాస్త్రానికి దానివల్ల ప్రయోజనం బహుతక్కువ. ఒక మొక్క ఫలానా కొండ మీద ఫలానా నెలలో పూసిందని రుజువు చేసే ఫోటోకు యాభై ఏళ్ళ తరవాత కూడా విలువ ఉంటుంది. అందుకని తుడిచివేయడం కాకుండా, అసలు ఫైలును భద్రంగా ఉంచుకుని, పరిశోధకులకూ అటవీ శాఖకూ పూర్తి వివరాలతో ఇవ్వడం, బయట పెట్టే ప్రతిలో మాత్రమే చోటు తీసివేయడం సరైన పద్ధతి. చూసిన పక్షుల వివరాలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు చేసేది కూడా ఇంచుమించు ఇదే: ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటును సామాన్య పాఠకులకు కనపడనివ్వదు, కానీ సమాచారాన్ని పారవేయదు.

గుళ్ళు, కోటల విషయంలో మాత్రం చోటు చెప్పవలసిందేనని నా వాదన. ఉదయగిరి కోటకో, భైరవకోన గుహాలయాలకో నలుగురు యాత్రికులు ఎక్కువ వస్తే అక్కడివారికి మేలే జరుగుతుంది.

గూడబాతు:

ఉదయగిరికి, భైరవకోనకు సరే. అడవి మధ్య పూజలు లేక పడి ఉన్న చిన్న మండపాలకూ అదే సూత్రం వర్తిస్తుందా? గుప్తనిధుల పేరుతో గర్భగుడి పీఠాలనే పెకిలించే ముఠాలు ఉన్న ప్రాంతం మనది. కాపలా లేని పాత గుడిని కూడా నేను నక్షత్ర తాబేలు లెక్కలోనే వేస్తాను.

వెలిగొండ:

అది నేను ఆలోచించని కోణం. కాపలా ఉందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకుందాం.

నాలుగో బైటు:

ఈ సమాచారం ఫైలులో ఎలా ఉంటుందో, ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ పోతుందో తెలియకపోతే ఉంచాలా తీయాలా అన్న చర్చ గాలిలో మేడ అవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎక్సిఫ్ అన్న ప్రమాణాన్ని జపాన్‌లోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో రూపొందించింది. కెమెరా తనంతట తాను రాసుకునే వివరాలు ప్రధానంగా ఇందులో ఉంటాయి. వార్తా సంస్థల అవసరాల కోసం ఐపీటీసీ అనే అంతర్జాతీయ సంస్థ తయారుచేసిన విభాగంలో శీర్షిక, వివరణ, ఫోటోగ్రాఫర్ పేరు, హక్కుల ప్రకటన ఉంటాయి. 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ ఈ రెంటినీ తనలో ఇముడ్చుకోగలదు. ఒకే జేపెగ్ ఫోటో ఫైలులో మూడూ ఉండవచ్చు. అందువల్ల ఒకదాన్ని తుడిచి, మొత్తం శుభ్రమైందనుకోవడం పొరపాటు.

ఇక ప్రయాణం సంగతి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మనం పెట్టిన ఫోటోను ఇతరులు దించుకుంటే అందులో ఎక్సిఫ్ ఉండదు. కానీ మనం ఎక్కించిన ఫైలు ఆ కంపెనీకి పూర్తి రూపంలోనే చేరిందని మరవవద్దు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చోటు వివరం పోతుంది. అదే ఫోటోను నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్లు వెళుతుంది, జీపీఎస్‌తో సహా. ఈమెయిలు, డ్రైవ్ లింకులూ అంతే. ఫ్లికర్ వంటి చోట్ల వివరాలు ఫోటో కిందనే కనిపిస్తాయి, వద్దనుకుంటే దాచే సౌకర్యం ఉంది.

చాలా కెమెరాలలో జీపీఎస్ ఉండదు కాబట్టి మనకేం భయం అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. కెమెరాను ఫోన్‌లోని ఆ కంపెనీ యాప్‌తో బ్లూటూత్ ద్వారా జత చేసి, అందులో స్థానం పంచుకునే మీటను నొక్కి ఉంచితే, ఫోన్ నుంచి అక్షాంశ రేఖాంశాలు కెమెరా ఫైలులోకి ఎక్కుతాయి. ఇంకొక చిన్న ప్రమాదం: ఎక్సిఫ్‌లో ఫోటోకు ఒక చిట్టి నకలు ఉంటుంది. కొన్ని పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఫోటోను క్రాప్ చేసినా ఆ నకలును మార్చేవి కావు. కత్తిరించి పారేశామనుకున్న మనిషి అందులో మిగిలిపోయే అవకాశం ఉండేది.

ఫైలులో మిగిలిపోయిన చోటు వివరం వల్ల సంగతి ఎంత దూరం పోతుందన్నదానికి 2012 డిసెంబరులో జరిగిన ఒక ఉదంతం చాలు. యాంటీవైరస్ వ్యాపారంతో పేరు పొందిన జాన్ మెకాఫీ బెలీజ్ పోలీసులకు చిక్కకుండా తిరుగుతున్న రోజులలో, ఆయన వెంట ఉన్న వైస్ పత్రికవారు ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి ప్రచురించారు. అందులో జీపీఎస్ వివరం అలాగే ఉండిపోవడంతో ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు లోకానికంతటికీ తెలిసిపోయింది.

మైపాడు కెరటం:

నాలుగో బైటు గారి వివరణకు ధన్యవాదాలు. ఫోటోలు తీసే ఆడవారి తరఫున ఒక మాట చేర్చనివ్వండి. మేము పొరపాటున పెట్టేది అడవిలో తీసిన ఫోటో కాదు, ఇంటి మేడ మీద తీసిన మందారపువ్వు ఫోటో. దానిలో ఉన్న చోటు మా ఇల్లు. పిల్లల పుట్టినరోజు ఫోటోలు, బడి వార్షికోత్సవం ఫోటోలు డ్రైవ్‌లో పెట్టి బంధువులకు పంపితే, వారి నుంచి ఇంకెవరికి చేరుతాయో మన చేతిలో ఉండదు. జీపీఎస్ తీసివేసినా తేదీలు, సమయాలు మిగిలితే, ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి ఒంటరిగా మైపాడు తీరంలో ఉంటానన్న సంగతి కొన్ని నెలల ఫోటోలు వరుసగా చూసినవారికి అర్థమవుతుంది.

మనం తీసే ఇతరుల సంగతి కూడా ఆలోచించాలి. కోరికను బట్టి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే నెల్లూరు రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువులో నిలబడి సంతాన రొట్టె అందుకుంటున్న ఒక స్త్రీ ముఖం ఎంత భావస్ఫోరకంగా ఉంటుందో తీసినవారికి తెలుసు. కానీ ఆమె ఏ రొట్టె కోసం వచ్చిందన్నదే ఆమె మనసులోని మాట. వివరణ విభాగంలో ఆమె పేరు, ఊరు, రొట్టె పేరు రాసి పెడితే, ఆ ఫైలు ఎక్కడికి వెళ్ళినా ఆ మాట దానితోనే వెళుతుంది. నా సెట్టింగులు నావి, ఇష్టమైతే ఇస్తాను. ఆమె సంగతి ఇచ్చే హక్కు నాకెక్కడిది?

తుపాను విలేకరి:

కెరటం గారి ప్రశ్న న్యాయమైనది, అయినా పత్రికల పని వేరుగా ఉంటుందని మనవి. వార్తా ఫోటోకు పేరు, ఊరు, తేదీ లేకపోతే దాన్ని అచ్చు వేయరు. వేయకూడదు కూడా. అడిగి, ఒప్పుకున్నవారి పేర్లే రాయాలన్నది మా నియమం. రొట్టెల పండుగలో నేను దూరపు దృశ్యాలకే పరిమితమవుతాను.

తేదీ ఉంచడం ఎందుకు అవసరమో మన జిల్లాలవారికి ప్రతి తుపానూ గుర్తు చేస్తుంది. 2021 నవంబరు వరదలలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పటి ఫోటోలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తీసినవి, తరవాత ఏ వాయుగుండం వచ్చినా తాజా ఫోటోల పేరుతో తిరిగి ఫోన్‌లలోకి రావడం ఖాయం. జనం బెదిరిపోతారు, సహాయక బృందాలు లేని గండిని వెతుక్కుంటూ పోతాయి. తీసినవారి అసలు ఫైలు తేదీతో దొరికితే ఆ పుకారును పది నిమిషాలలో తేల్చవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: ఎక్సిఫ్‌లోని గడియారం కెమెరాలో మనం పెట్టినదే. చాలా ఏళ్ళ వరకు ఏ దేశపు సమయమో రాసే స్థలం కూడా అందులో లేదు, 2016 నాటి సవరణతోనే వచ్చింది. పైగా ఆ తేదీని ఎవరైనా మార్చవచ్చు. అందుకే వరల్డ్ ప్రెస్ ఫోటో వంటి పోటీలలో చివరి దశకు చేరినవారిని కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్ళు అడుగుతారు. 2021లో అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థలు కలిసి ఏర్పరచిన సీ2పీఏ ప్రమాణం, ఫోటో ఎక్కడ పుట్టి ఏ మార్పులకు లోనైందో డిజిటల్ ముద్రతో భద్రపరుస్తుంది. 2023లో వచ్చిన లైకా ఎం11–పి దాన్ని తనలో ఇముడ్చుకున్న మొదటి కెమెరా. మనందరి చేతుల్లోకి అది వచ్చేలోపు తేదీ ఉన్న అసలు ఫైలే మనకు దిక్కు.

ఒంగోలు వకీలు:

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ తాకని విషయం పేరు, హక్కుల ప్రకటన. మిగతావి ఉంచినా తీసినా మీ ఇష్టం గాని, దీన్ని తీసివేయవద్దని ప్రతి ఫోటోగ్రాఫరుకూ నా సలహా. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65బి అనే సెక్షను చేరింది. రచన పేరు, కర్త పేరు, హక్కుదారు పేరు, వాడుకునే షరతులు వంటి హక్కుల నిర్వహణ సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసీ తొలగించినా మార్చినా, రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. ఫోటో మూలన వేసే నీటిముద్రను కత్తిరించడం నిమిషం పని. ఫైలులో కూడా పేరు ఉండి, దాన్ని తుడిచి మరీ వాడుకున్నారని చూపగలిగితే, తెలియక వాడామన్న వారి వాదన బలహీనపడుతుంది. అయితే తెలిసీ తొలగించారన్నది మనం నిరూపించవలసి ఉంటుంది. సామాజిక మాధ్యమమే దానంతట అది తుడిచివేసిన ఫోటోను ఎవరో దించుకున్నప్పుడు ఈ సెక్షను కింద వారిని పట్టుకోవడం కష్టం.

స్టూడియోవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఫోటోకు కర్త దాన్ని తీసినవారే. కానీ అదే చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, దానికి భిన్నంగా ఒప్పందమేదీ లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే అవుతారు. ఒప్పందం లేని పెళ్ళి ఫోటోలలో హక్కులన్నీ స్టూడియోవే అని మెటాడేటాలో రాసుకున్నంత మాత్రాన అది నిజమైపోదు.

కోర్టులో ఫోటోను సాక్ష్యంగా పెట్టాలంటే, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు నుంచి లెక్కకట్టే, దానికి వేలిముద్ర వంటి సంకేతం) కూడా రాయాలి. మెటాడేటా తుడిచినా, ఒక్క అక్షరం మార్చినా ఫైలు హాష్ మారిపోతుంది. అందుచేత వివాదం వచ్చే అవకాశం ఉన్న ఫోటోల అసలు ఫైలును తాకకుండా విడిగా దాచండి, ఏం చేసినా నకలు మీద చేయండి.

ట్రంకురోడ్డు స్టూడియో:

వకీలు గారూ, 17వ సెక్షను మాట ఈ వృత్తిలో ఇన్నేళ్ళుగా ఉన్న నాకు ఎవరూ చెప్పలేదు. ఇకపై అడ్వాన్సు రసీదు మీదనే షరతులు రాయించాలి. దానికి వేరే స్టాంపు పత్రం అవసరమా?

ఒంగోలు వకీలు:

ఉభయులూ సంతకం చేసిన రాతపూర్వక షరతు ఉండడం ముఖ్యం. మీ వెబ్‌సైటులో, ప్రచారంలో వాడుకునేందుకు అనుమతిని, హక్కు ఎవరిదన్న విషయాన్ని వేర్వేరు వాక్యాలుగా స్పష్టంగా రాయించండి. స్టాంపు సంగతి ఒప్పందం పూర్తి పాఠం చూడకుండా చెప్పడం భావ్యం కాదు, ఒకసారి కాగితం పట్టుకుని రండి.

కోవూరు కుర్రాడు:

సీరియల్ నంబరు గురించి ఎవరూ తేల్చలేదు. అది బయటపడితే నష్టమా?

నాలుగో బైటు:

రెండు వైపులా పదునుంది తమ్ముడూ. కెమెరా దొంగతనానికి గురైతే, దానితో తీసిన ఫోటోలు ఎక్కడైనా ఆన్‌లైన్‌లో తేలితే సీరియల్ నంబరుతో పట్టుకునే అవకాశం ఉంది. కానీ అదే నంబరు నువ్వు వేరే పేరుతో పెట్టిన ఫోటోలను నీ పేరుతో పెట్టిన ఫోటోలకు ముడివేస్తుంది. ఇసుక రవాణా మీదనో, క్వారీల మీదనో పేరు చెప్పకుండా ఫోటోలు ఇచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. నేనైతే నంబరును ఇంట్లో బిల్లుతో పాటు రాసి ఉంచుకుని, బయటి ప్రతిలో తీసివేస్తాను. పాత కెమెరా కొనేటప్పుడు మాత్రం అమ్మేవారి నుంచి ఆ రోజు తీసిన, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరవని ఫైలు అడుగు. కొన్ని కంపెనీల కెమెరాలు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందన్న లెక్కను అందులో రాస్తాయి.

ఇక ఎలా చేయాలో. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎగుమతి చేసేటప్పుడు చోటు వివరం ఒక్కటే తీసివేసే గడి విడిగా ఉంది. కాపీరైటు తప్ప మిగతావన్నీ తీసే ఎంపికా ఉంది. ఉచితంగా దొరికే ఎక్సిఫ్‌టూల్‌తో ఏ గడి కావాలంటే ఆ గడిని, వందల ఫైళ్ళకు ఒకేసారి మార్చవచ్చు. ఐఫోన్‌లో ఫోటో పంచుకునే తెర పైభాగాన ఉన్న ఆప్షన్స్‌లో చోటు మీటను ఆపితే సరిపోతుంది. ఊరు తెలియాలి గాని ఇల్లు తెలియకూడదనుకుంటే అంకెలను కుదించే పద్ధతి ఉంది. డిగ్రీలలో దశాంశం తరవాత రెండు స్థానాలే ఉంచితే ఒక కిలోమీటరుకు అటూ ఇటూగా తెలుస్తుంది, ఒక్క స్థానమే ఉంచితే పదకొండు కిలోమీటర్ల దాకా తేడా వస్తుంది. గూడబాతు గారి పక్షులకు ఒక్క స్థానం కూడా ఎక్కువేనేమో.

గూడబాతు:

ఎక్కువే. మండలం పేరు కూడా రాయను.

స్వర్ణాల గట్టు:

నేను అడిగినప్పుడు ఇది ఒకే ప్రశ్న అనుకున్నాను, మీరంతా దాన్ని నాలుగుగా విడదీశారు. కెమెరా అంకెల విషయంలో నా పట్టుదల అలాగే ఉంది: ఇవ్వండి, వీలైతే స్టూడియో అన్న చెప్పినట్లు కారణం కూడా ఒక వాక్యం రాయండి. చోటు విషయంలో మాత్రం ముందు తీసివేసి, కారణం ఉంటేనే చేర్చడం మేలని ఒప్పుకుంటున్నాను.

ట్రంకురోడ్డు స్టూడియో:

కారణం రాయమంటే రాస్తాను గానీ, తప్పనిసరి అనవద్దు గట్టు గారూ. ఇవ్వడం ఇష్టం లేనివారి ఫోటోను తక్కువగా చూసే అలవాటు వస్తుంది.

మరొక సందేహం నాలుగో బైటు గారికి. మా నాన్నగారు 1980లలో తీసిన నెగెటివులు స్కాన్ చేయిస్తున్నాను. పాత నెల్లూరు వీధులు, తుపాను తరవాతి తీరప్రాంతపు ఊళ్ళు వాటిలో ఉన్నాయి. ఫైళ్ళన్నింటిలో ఈ ఏడాది తేదీ, స్కానరు పేరు పడుతున్నాయి. వీటిని అలాగే ఆన్‌లైన్‌లో పెడితే, విలేకరి గారు చెప్పిన గందరగోళాన్ని నేనే సృష్టించినవాణ్ణవుతాను. పైగా వివరణలో తెలుగు రాస్తే కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలుగా మారుతున్నది.

నాలుగో బైటు:

తీసిన తేదీకి, డిజిటల్‌గా మార్చిన తేదీకి ఎక్సిఫ్‌లో వేర్వేరు గడులున్నాయి. స్కానరు రెంటిలోనూ ఈనాటి తేదీ నింపి ఉంటుంది. రెండోదాన్ని అలాగే ఉంచి, మొదటిదాన్ని మార్చండి. ఎక్సిఫ్ గడి రోజు, నెల, సమయంతో సహా అడుగుతుంది కాబట్టి, ఏడాది మాత్రమే తెలిసినప్పుడు దాన్ని ఖాళీగా వదలి, ఎక్స్ఎంపీలోని తేదీ గడిలో 1984 అని సంవత్సరం ఒక్కటే రాయవచ్చు, అది అంగీకరిస్తుంది. లేని రోజును కల్పించి జనవరి 1 అని మాత్రం వేయకండి. తరవాత చూసేవారు దాన్ని నిజమని నమ్ముతారు.

తెలుగు మాటకొస్తే, ఎక్సిఫ్ అక్షర గడులు 2023లో వచ్చిన మూడో సంచిక వరకు ఆంగ్ల అక్షరాలనే అధికారికంగా అనుమతించాయి. పాత సాఫ్ట్‌వేర్లు నేటికీ ఆ పద్ధతిలోనే చదువుతాయి. మీ వివరణను ఎక్స్ఎంపీ వివరణ గడిలో రాయండి, అక్కడ తెలుగు చెక్కుచెదరదు. నాన్నగారి పేరు కర్త గడిలో వేయడం మరవకండి, స్కాన్ చేసినవారి పేరు అక్కడికి చేరనివ్వకండి.

ఒంగోలు వకీలు:

నాన్నగారు సొంతంగా తీసినవైతే హక్కుల గడిలో వారసుల పేరు రాయవచ్చు, కర్త జీవితకాలం తరవాత 60 ఏళ్ళ వరకు ఆ హక్కు ఉంటుంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్నవి వాటిలో కలిసి ఉంటే ముందు వాటిని వేరు చేయండి.